సర్కారుమీది డిక్రీ



వ్యాజ్యము గెలుచుట యొకటి. గెలిచిన సొమ్ము చేతబడుట వేఱొకటి. ఈ మాటను రచ్చబండలమీద మీ రెన్నియో మారులు వినియే యుందురు. చిత్రమేమనగా, 1872వ సంవత్సరములో లండనునందలి ప్రీవీ కౌన్సిలు న్యాయాధిపతులును దర్భంగా సంస్థానమునకు సంబంధించిన యొక వ్యాజ్యములో ఇంచుమించుగా ఇదే యభిప్రాయమును వెలిబుచ్చిరి. హిందూదేశములో వాదికి చిక్కులు డిక్రీ పొందిన తరువాతనే మొదలగునని వారి తాత్పర్యము. బాకీదారుడు సాటి మనుజుడైనప్పుడే యిట్లున్నచో, ఆ బాకీదారుడు సాక్షాత్తు సర్కారే యైనచో నేమి జరుగును? కోర్టువారు తీర్పు చెప్పిన తరువాతను సర్కారు సొమ్ము చెల్లింపనిచో రైతు చేయదగినదేమి? ఈ సాయంకాలము ఈ విషయమునే మీతో ముచ్చటింపదలచితిని.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. కాలువ త్రవ్వవలెనన్నను, చెఱువు కట్టవలెనన్నను, రైలుమార్గము వేయవలెనన్నను, పేదలకు ఇండ్లస్థలము లీయవలెనన్నను సర్కారు ఎవరిదో యొకరి భూమిని తీసికొనక తప్పదు. శ్రీశైలము జలాశయము క్రింద కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో ఎన్నియో గ్రామములు నీట మునిగినవి. భూమి పోయినవానికి కలెక్టరు మొదట నొక వెల కట్టును. అది చాలదని రైతు తలచినచో, 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము 18వ సెక్షను క్రింద, తన తగాదాను సివిలు కోర్టునకు పంపుమని యడుగుకొనవచ్చును. కోర్టువారు సాక్ష్యము విని వెల పెంచుదురు. పెంచిన మొత్తమునకు డిక్రీతో సమానమైన బలము కలదు. 2014 జనవరి 1వ తేదినుండి ఆ పాత చట్టము పోయి 2013వ సంవత్సరపు క్రొత్త చట్టము వచ్చినది. అందు కోర్టునకు బదులుగా ప్రత్యేకాధికార సంస్థ నేర్పరచిరి. దాని అవార్డునకును డిక్రీ బలమే యిచ్చిరి. కాని పాత చట్టము క్రింద పుట్టిన బాకీలు తీరనివి నేటికిని గలవు. భూమి పోయినది తండ్రికాలమున. తీర్పు వచ్చినది కొడుకు నడివయస్సున. సొమ్ముకొఱకు కోర్టుమెట్లు ఎక్కుచున్నవాడు మనుమడు. ఇట్టి కుటుంబములు మీ యెఱుకలోనే యుండవచ్చును.

అసలు రాజుమీద దావా చెల్లునా యను ప్రశ్న మొదట తేలవలెను. ఇంగ్లండులో రాజు తప్పుచేయడను సూత్రము బహుకాలము నిలిచియుండెను. మనదేశముననో మొదట పాలించినది రాజు గాదు. ఈస్టిండియా కంపెనీ యను వర్తకసంఘము. వర్తకునిపై దావా వేయుటకు అడ్డేమున్నది? 1858లో కంపెనీ పాలన ముగిసి రాణిగారి పాలన వచ్చినప్పుడు, కంపెనీమీద ఎట్టి దావాలు చెల్లునో అట్టివే క్రొత్త ప్రభుత్వముమీదను చెల్లునని శాసనమున వ్రాసిరి. దీనిని మొట్టమొదట పరీక్షించినది యొక గుఱ్ఱము.

కలకత్తాలో ఖిద్దిరుపూరు అను చోట సర్కారువారి ఓడల మరమ్మతు రేవు గలదు. ఒక ఆవిరియోడల కంపెనీవారి జోడుగుఱ్ఱముల బండి ఆ దారిని పోవుచుండగా, రేవుకూలీలు ఓడ పొగగొట్టమునకు వలయు పెద్ద ఇనుపతునుకను మోసికొని దారి కడ్డముగా నడచుచుండిరి. బండివాడు కేక వేసెను. కూలీలు కంగారుపడి ఆ యినుమును ధనాలున నేల పడవేసి తప్పుకొనిరి. ఆ చప్పుడునకు గుఱ్ఱము బెదరి ముందునకు దుమికి, ఆ యినుముమీదనే పడి కాళ్లు గాయపఱచుకొన్నది. కంపెనీవారు మూడువందల యేబది రూపాయల నష్టమునకై సర్కారుమీద దావా వేసిరి. 1861లో కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి బార్న్స్ పీకాక్ గారు, ఓడలు బాగుచేయుట యెవరైనను చేయదగిన పనియేగాని రాచఱికపు పని గాదు గనుక, సర్కారు ఆ నష్టము నిచ్చుకొనవలసినదే యని తేల్చిరి. నేటి రాజ్యాంగము 300వ అధికరణమునకును మూలమిదియే. ఆ గుఱ్ఱముకాళ్ల పుణ్యమా యని సర్కారును ప్రతివాదిగా నిలుపు హక్కు మనకు గట్టిపడినది.

తెలుగునాటిదే మఱియొక వ్యాజ్యము గలదు. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలులో నున్న ఖైదీలపై వైరులు రాత్రివేళ బాంబులు వేయగా ఒకరు మరణించిరి, వారి కుమారుడు గాయపడెను. ముందే ప్రమాదము తెలిపినను కాపలా చాలినంత పెట్టలేదని ఆ కుమారుడు రాష్ట్ర ప్రభుత్వముమీద దావా వేసెను. జైలు నడుపుట రాచఱికపు పని కావున బాధ్యత లేదని ప్రభుత్వము వాదించెను. 2000వ సంవత్సరములో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివైచినది. 1977లో జరిగినదానికి 2000లో తుదితీర్పు! ఇరువదిమూడేండ్లు. దావా వేయు హక్కున్నంత మాత్రమున చాలదనుటకు ఇంతకన్న వేఱు నిదర్శన మేల?

ఇక డిక్రీ యమలు సంగతి. సివిలు ప్రొసీజరు కోడు, అనగా సివిలు వ్యాజ్యముల నడవడిని తెలుపు 1908వ సంవత్సరపు చట్టములో 82వ సెక్షను గలదు. సర్కారుమీద డిక్రీ పుట్టిన నాటినుండి మూడు నెలలు గడచువఱకు దానిని అమలుపెట్టరాదని అందున్నది. ఇది సర్కారునకిచ్చిన గడువు. మూడు నెలలు గడచియు సొమ్ము రానిచో సర్కారు ఏ బాకీదారునికైనను సమానమే. దాని యాస్తిని జప్తు చేయవచ్చును, వేలము వేయవచ్చును. చాలమంది యెఱుగని సంగతి యిది. సర్కారు ఆస్తిని ముట్టరాదని అధికారులలోనే కొందఱు తలచుచుందురు. 60వ సెక్షనులో జప్తు చేయరాని వస్తువుల పట్టిక యొకటి యున్నది. సేద్యగాని పనిముట్లు, కట్టుబట్టలు, వంటపాత్రలు, స్త్రీ మెడలోని మంగళసూత్రము వంటివి అందున్నవి. సర్కారు కచేరీలోని కుర్చీలుగాని జీపులుగాని అందు లేవు.

కావుననే అప్పుడప్పుడు పత్రికలలో ఇట్టి వార్తలు వచ్చుచుండును: ఫలాని రెవిన్యూ డివిజనల్ అధికారి కచేరీకి కోర్టు అమీనా వచ్చి బల్లలు, బీరువాలు, కంప్యూటర్లు, తుదకు అధికారి యెక్కు జీపును జప్తు చేసెను అని. చదివినవారు నవ్వుకొందురు. ఆ నవ్వు వెనుక ఎన్నేండ్ల యాకలి దాగియున్నదో అమీనాతోకూడ వచ్చి యెండలో నిలిచిన రైతునకే తెలియును.

అన్నింటిలో వింతయైనది పంజాబునందు జరిగినది. లుధియానా, చండీగఢముల నడుమ వేసిన రైలుమార్గమునకు ఒక రైతు భూమిని తీసికొనిరి. కోర్టువారు వెల పెంచిరి. రైల్వేవారు కొంత చెల్లించి, సుమారు కోటి యైదులక్షల రూపాయలు నిలుపుకొనిరి. రైతు అమలు దరఖాస్తు పెట్టగా 2017 మార్చి నెలలో లుధియానా కోర్టువారు అమృతసరమునుండి ఢిల్లీకి పోవు స్వర్ణశతాబ్ది యను పెద్ద రైలుబండినే జప్తు చేయుమని యుత్తరువిచ్చిరి. స్టేషను మాస్టరు గదినికూడ అందు చేర్చిరి. రైతు, వకీలు, కోర్టు నౌకరు ఉత్తరువు చేతబట్టుకొని స్టేషనులో నిలిచిరి. బండి వచ్చెను. జప్తు జరిగెను. వెంటనే రైల్వే యుద్యోగి యొకడు కోర్టు తరఫున ఆ బండిని తన పూచీపై నుంచుకొనునట్లు సంతకము చేయగా, కొలది నిమిషములలో అది మరల కదలిపోయెను.

కోటి రూపాయల బాకీకి రైలుబండి జప్తు! వినుటకు మిక్కిలి ఇంపుగా నున్నది. అయినను ఇందొక మెలిక గలదు. 1989వ సంవత్సరపు రైల్వే చట్టము 187వ సెక్షను ప్రకారము, ప్రజల ప్రయాణమునకు వినియోగపడు బండ్లు, యంత్రములు మొదలగువానిని కేంద్రప్రభుత్వము ముందుగా అనుమతి యీయనిదే డిక్రీ యమలులో తీసికొనరాదు. బండిని వేలము వేయుట యనునది కానిపని. కాని ఆ నాటి జప్తు దేశమంతట పేరుమ్రోగినది. బాకీ యెగవేసినది రైతు గాదనియు, రైల్వేయనియు అందఱికిని తెలిసినది. సర్కారుమీద జప్తు వలన గలుగు ప్రయోజనము చాలవఱకిట్టిదే యని నా యభిప్రాయము. పాతకుర్చీలు వేలము వేసిన వచ్చునదెంత? అయినను కూర్చుండుటకు కుర్చీ లేనప్పుడు, ఏండ్లతరబడి కదలని కాగితము మూడు దినములలో కదలును.

సర్కారువద్ద సొమ్ము లేక చెల్లింపకుందురా? కాదు. ఇక్కడ రాజ్యాంగములోని యొక మాటను మీరు తప్పక గుర్తుంచుకొనవలెను. రాష్ట్రపు ఆదాయమంతయు చేరు నిధికి సంచితనిధి యని పేరు. దానినుండి శాసనసభ యోటు లేనిదే సాధారణముగా వ్యయము చేయరాదు. కాని కొన్ని ఖర్చులు శాసనసభవారి యోటుతో పనిలేకుండ ఆ నిధిపైననే భారముగా మోపబడినవి. గవర్నరుగారి జీతము, హైకోర్టు న్యాయమూర్తుల జీతములు, సర్కారు చేసిన అప్పులమీది వడ్డీ ఇట్టివి. వాని సరసనే 202వ అధికరణములో, కోర్టు తీర్పులను డిక్రీలను తీర్చుటకు వలయు సొమ్మునుకూడ చేర్చిరి. కేంద్రమునకు 112వ అధికరణములో ఇట్లే యున్నది. అనగా రాజ్యాంగము వ్రాసిన పెద్దలు గవర్నరుగారి జీతమును, భూమి పోయిన రైతు డిక్రీని ఒకే పంక్తిని కూర్చుండబెట్టిరి. గవర్నరుగారి జీతము నెలకు నెల తప్పక చేరుచున్నది. రెండవ విస్తరిలో వడ్డన మాత్రము జరుగుట లేదు.

కారణమేమి? సర్కారనునది యొక మనిషి కాదు. తీర్పు నకలు ప్రభుత్వ ప్లీడరునుండి కలెక్టరు కచేరీకి పోవును. భూమిని వాడుకొన్నది కలెక్టరు గాదు, నీటిపారుదల శాఖయో మఱియొక శాఖయో యగును గనుక, కాగితము అక్కడికి నడచును. అక్కడనుండి రాజధానిలోని సచివాలయము, ఆర్థికశాఖ, తిరిగి ఖజానా. ఈ దారిలో ఏ యొక్కరి జేబునుండియు వడ్డీ పోదు. అప్పీలు చేయుమని వ్రాసిన అధికారిని ఎందుకు వ్రాసితివని యడుగువారు లేరు. చెల్లింపుమని వ్రాసినవానిని మాత్రము ఆడిటువారు ప్రశ్నింపవచ్చును. కావున జాగ్రత్తపరుడైన ఉద్యోగి మొదటిదే వ్రాయును. అందఱును దుర్మార్గులని నేననను, ఏర్పాటే యట్లున్నది.

అప్పీలుగూడ గడువులో వేయరు. మధ్యప్రదేశ ప్రభుత్వము 663 దినములు ఆలస్యముగా సుప్రీంకోర్టు తలుపు తట్టగా, 2020లో ఆ కోర్టువారు దానిని కొట్టివేసి, న్యాయస్థానపు కాలమును వృథాచేసినందులకు ఇరువదియైదు వేల రూపాయలు కట్టుమనియు, ఆ సొమ్మును తప్పుచేసిన అధికారులనుండి రాబట్టుమనియు ఆదేశించిరి. ఆలస్యము విషయములో సర్కారునకు ప్రత్యేక మర్యాద లేదని 2012లోనే ఆ కోర్టువారు చెప్పియుండిరి.

ఆలస్యమునకు వెల యెంతయో యొక లెక్కతో చూతము. పాత చట్టము 28వ సెక్షను ప్రకారము, కోర్టువారు పెంచిన మొత్తముమీద, భూమి స్వాధీనమైన నాటినుండి మొదటి యేడు నూటికి తొమ్మిది, తరువాత ఏటికి నూటికి పదునైదు చొప్పున వడ్డీ నడచును. పెంచిన మొత్తము ఒక లక్ష యనుకొనుడు. మొదటి యేట తొమ్మిదివేలు. తరువాతి తొమ్మిదేండ్లకు ఏటికి పదునైదువేల చొప్పున లక్ష ముప్పదియైదువేలు. పదేండ్లకు వడ్డీయే లక్ష నలువదినాలుగు వేలు, అసలును మించినది. ఇరువదియేండ్లకు ఆ వడ్డీ రెండు లక్షల తొంబదినాలుగు వేలగును. సుందరు అను వాది వ్యాజ్యములో 2001లో సుప్రీంకోర్టువారు, బలవంతముగా భూమి తీసికొన్నందులకిచ్చు నూటికి ముప్పది సొలేషియము మీదగూడ వడ్డీ యీయవలెనని తీర్పుచెప్పిరి. ఈ వడ్డీ నిచ్చునది యెవరు? పన్ను కట్టు మనమే. కాలువ త్రవ్వించుటకు వలసిన సొమ్ము త్రవ్వి పూడ్చిన కాగితములక్రింద పోవుచున్నది.

ఈ జబ్బు మనదేశమునకే పరిమితము గాదు. అమెరికాలో జార్జియా యను రాష్ట్రము, స్వాతంత్ర్యయుద్ధ కాలమున కొన్న సరకులకు వెల యీయనందున, చనిపోయిన వర్తకుని యాస్తి చూచువాడు దావా వేసెను. 1793లో అచ్చటి సుప్రీంకోర్టు వాదిపక్షమున తీర్పు చెప్పినది. దానికి జార్జియావారి జవాబేమనుకొందురు? ఆ తీర్పును అమలుపెట్ట యత్నించినవానిని ఉరితీయవలెనని అచ్చటి ప్రజాప్రతినిధిసభ యొక బిల్లు నెగ్గించినది! పైసభ దానిని చట్టము చేయలేదు గాని, 1795 నాటికి అమెరికా రాజ్యాంగమునే సవరించి, పరరాష్ట్ర పౌరులు ఒక రాష్ట్రముమీద కేంద్రకోర్టులలో దావా వేయకుండ కట్టడి చేసిరి. దానితో పోల్చిన మన 82వ సెక్షను ఎంతో సాధువైనది.

దక్షిణాఫ్రికాలో జరిగినది వేఱువిధము. ఒంటికి నిప్పంటుకొని గాయపడిన యొక వ్యక్తికి సర్కారు ఆసుపత్రులలో చికిత్స చెడి, ఒక ప్రక్క చచ్చుపడెను. తప్పు తమదే యని సర్కారువారు ఒప్పుకొనిరి. వైద్యమునకును వ్యాజ్యపు ఖర్చులకును ముందుగా కొంత సొమ్మిమ్మని కోర్టు ఆజ్ఞాపించెను. ఈయలేదు. అచ్చటి 1957వ సంవత్సరపు చట్టము సర్కారు ఆస్తిని జప్తు చేయరాదని నిషేధించియుండెను. ఆ నిషేధము న్యాయమా యని ఆ రోగి రాజ్యాంగ న్యాయస్థానమునకెక్కెను. 2008 జూనులో ఆ కోర్టు, అట్టి నిషేధము చెల్లదని తీర్పిచ్చినది. తన దావా పూర్తిగా తేలకమునుపే ఆ రోగి కన్ను మూసెను. 2011లో చట్టము మార్చిరి. తుది తీర్పు పుట్టిన ముప్పది దినములలో సొమ్ము చెల్లనిచో ఖజానాశాఖకు నోటీసు పోవును. అప్పటికిని చెల్లింపనిచో సర్కారు చరాస్తులు జప్తగును. ప్రజల ప్రాణములకు ముప్పు తెచ్చు వస్తువులను మాత్రము ముట్టరాదు. ఈ కడపటి నియమము మనమును వ్రాసికొనదగినది. ఆసుపత్రిబండి నాపి బాకీ వసూలు చేయుట యెవరికిని సమ్మతము గాదు గదా!

నాకు మిక్కిలి నచ్చినది ఫ్రాన్సువారి పద్ధతి. 1980 జూలై 16వ తేది చట్టమున ఏర్పడినది. సర్కారుమీద ఇంత సొమ్మని తుదితీర్పు వచ్చిన తరువాత, గడువులో చెల్లింపుటుత్తరువు పుట్టనిచో, గెలిచినవాడు ఆ తీర్పు నకలును తీసికొని నేరుగా ఖజానా అధికారి యెదుట పెట్టును. ఆ తీర్పే చెక్కుతో సమానము. పై యధికారి సంతకముతో పనిలేదు. ఆ గడువు మొదట నాలుగు నెలలుండెను, తరువాత రెండు నెలలు చేసిరి. మన రాజ్యాంగము డిక్రీ సొమ్మును సంచితనిధిపైననే మోపినది గనుక, అట్టి చట్టము మనకును కష్టము గాదని నా కనిపించుచున్నది. శాసనసభ్యులు మీ యూరికి వచ్చినప్పుడు ఈ మాట యడుగుట మీ వంతు.

ఆ చట్టము వచ్చునందాక మన చేతనున్న సాధనము అమలు దరఖాస్తే. కోర్టువారి వాడుకలో దీనిని ఈపీ యందురు. డిక్రీ చేసిన కోర్టులోనే దీనిని వేయవలెను. పండ్రెండేండ్ల కాలపరిమితి యున్నది. అప్పీలు జరిగియున్నచో అప్పీలు తీర్పు నాటినుండి లెక్క. డిక్రీ పుట్టి రెండేండ్లు దాటినచో ప్రతివాదికి ముందుగా నోటీసు పోవలసి యుండును గావున, మూడు నెలలు ముగియగానే వేయుట లాభము. సర్కారు అప్పీలు వేసినంత మాత్రమున అమలు ఆగదు. స్టే యుత్తరువు ఉన్ననే యాగును. సర్కారును జామీను అడుగనక్కఱలేదని యొక పాత నియమము గలదు. దానిని చూపి సొమ్ము కట్టకయే స్టే కోరుచుందురు. పశ్చిమబెంగాలు ప్రభుత్వపు మధ్యవర్తిత్వ వ్యాజ్యమొకదానిలో 2019లో సుప్రీంకోర్టువారు, అది సర్కారునకు పెట్టని కోట గాదనియు, సొమ్ము కట్టిననే స్టే యని షరతు పెట్టవచ్చుననియు చెప్పిరి. మీ వకీలుగారికి ఇది తెలిసియే యుండును. అయినను జ్ఞాపకము చేయుట తప్పు గాదు.

దరఖాస్తులో జప్తు చేయవలసిన ఆస్తి వివరము వ్రాయవలెను. ఏ కచేరీ, ఏ వాహనము, దాని నంబరు, ఏ బ్యాంకులో ఏ శాఖ పేర లెక్క యున్నదో యంత స్పష్టముగా నున్న నంత మేలు. బాకీ పడినది రాష్ట్రము. కలెక్టరు దాని ప్రతినిధి మాత్రమే. కావున ఆయన సొంత యిల్లుగాని, జీతముగాని ఈ బాకీకి తగులవు. కోపముచేత ఆ వైపునకు పోయినచో కాలము వృథా. కోర్టుధిక్కార చర్యను గూర్చి చాలమంది యాశపడుచుందురు. 1971వ సంవత్సరపు చట్టము ప్రకారము ధిక్కారమునకు ఆరు నెలలవఱకు సాధారణ ఖైదు, రెండువేల రూపాయలవఱకు జరిమానా కలవు. అధికారులు దానికి జంకుదురనుట నిజమే. కాని డిక్రీ వసూలునకు దానిని ప్రత్యామ్నాయముగా వాడరాదని 1999లో బిహారు వ్యాజ్యమొకదానిలో సుప్రీంకోర్టు తేల్చినది. ఫలాని గడువులో కట్టుదుమని కోర్టునకు మాటయిచ్చి తప్పినచో అది వేఱు సంగతి. అప్పుడైనను ఏడాదిలోపల ఫిర్యాదు చేయవలెను.

సర్కారు ఎప్పుడైన సొమ్మును కోర్టులో కట్టి నోటీసిచ్చినచో, పూర్తిగా రాలేదని అలిగి తీసికొనకుండుట తగదు. నోటీసు చేరిన నాటినుండి ఆ కట్టిన సొమ్ముమీద వడ్డీ నిలిచిపోవును. వచ్చినది తీసికొని, అది మొదట వడ్డీకి ఖర్చులకు జమయగునా అసలునకు జమయగునా యనునది వకీలుచేత లెక్క వేయించుకొని, మిగిలినదానికి దరఖాస్తు నడపవచ్చును. ఈ అదనున దళారులు చేరి, సగము మాకు వ్రాసియిచ్చినచో ఱేపే తెప్పింతుమందురు. సొమ్ము కోర్టులో పడిన తరువాత దానిని తెచ్చుటకు వారి మహిమ యేమియు నక్కఱలేదు.

అమలు దరఖాస్తులను ఆరు నెలలలో తేల్చవలెనని సుప్రీంకోర్టు 2021లో క్రిందికోర్టుల నాదేశించెను. అయినను 2025 అక్టోబరులో ఆ కోర్టు లెక్కలు తెప్పించి చూడగా, దేశమంతటను ఎనిమిది లక్షల ఎనుబదిరెండు వేలకు పైగా ఇట్టి దరఖాస్తులు తేలక యున్నవి. అందు ప్రైవేటు బాకీలును గలవు. ఆరు నెలల మాటను కోర్టులో వినయముగా జ్ఞాపకము చేయుటకు వాదికి హక్కున్నది.

మఱి రెండు సంగతులు చెప్పి విరమింతును. డిక్రీదారుడు మరణించినచో అమలు దరఖాస్తు దానంతట పడిపోదు. వారసులు తమ హక్కును చూపి కొనసాగింపవచ్చును. కావున తీర్పు నకలు, అవార్డు నోటీసు, పాసుపుస్తకము, చెల్లింపుల రసీదులు ఒక్కచోట కట్టగట్టి, అవి యెక్కడ నున్నవో ఇంటిలో ఆడువారికికూడ తెలియజేయవలెను. కాగితము దొరకక పోయిన హక్కులే మన పల్లెలలో హెచ్చు.

రెండవది పొరుగువాని సంగతి. ఒకే ప్రకటన క్రింద ఊరిలో నలువదిమంది భూములు పోయినవనుకొనుడు. వారిలో కోర్టునకు పోయినవారు నలుగురు. ఆ నలుగురికి వెల పెరిగినచో, మిగిలినవారును అదే వెల తమకును కట్టుమని కలెక్టరునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పాత చట్టములో ఇది 28-ఏ సెక్షను, క్రొత్తదానిలో 73వ సెక్షను. కాని కోర్టు అవార్డు తేదినుండి మూడు నెలలే గడువు. నకలు తెచ్చుకొనుటకు పట్టిన దినములను మాత్రము అందునుండి తీసివేయుదురు. గెలిచిన నలుగురు చెప్పనిదే ఆ ముప్పదియార్గురకు తెలియు దారి లేదు. తీర్పు వచ్చిన మఱునాడే చావడిలో ఆ తేదిని చదివి వినిపింపవలసినవారు గ్రామపెద్దలగు మీరే.